క్యాజువాల్టీలో నిమిషాల లెక్క

ఓపీకి వచ్చే రోగుల సంఖ్యకు ఒక హద్దు ఉంటుంది. చీటీలు రాయడం ఆపితే ఆ పూటకు రాక ఆగుతుంది. క్యాజువాల్టీకి ఆ వెసులుబాటు లేదు. ఎవరు, ఎప్పుడు, ఏ బాధతో వస్తారో తెలియదు. వచ్చినవారిని రేపు రమ్మనడానికీ వీల్లేదు. ఛాతీ నొప్పితో నడిచి వచ్చిన పెద్దాయన, పురుగుమందు తాగిన రైతు, లారీ గుద్దిన బైకు మీది కుర్రాడు, మూడు రోజుల జ్వరంతో తల్లి చంకనున్న పసిబిడ్డ ఒకే పావుగంటలో గుమ్మం దాటవచ్చు. వీరందరికీ కలిపి ఉండేది కొద్దిమంది డ్యూటీ డాక్టర్లు, కొద్దిమంది నర్సులు, చాలని మంచాలు.

ఇలాంటి చోట సమర్థంగా పనిచేయడానికీ హడావుడి పడటానికీ పోలిక లేదు. గాయానికి కుట్లు వేయడం, శ్వాసనాళంలోకి గొట్టం దించడం వంటి పనులను అనుభవజ్ఞులు కూడా ఒక మేరకే త్వరగా చేయగలరు. రోగి క్యాజువాల్టీలో గడిపే కాలంలో ఎక్కువ భాగం ఎదురుచూపే. డాక్టరు కోసం, రక్తపరీక్ష రిపోర్టు కోసం, స్కాన్ కోసం, స్పెషలిస్టు కోసం, చివరికి వార్డులో మంచం కోసం చూస్తూ ఉండాలి. ఈ ఎదురుచూపుల్లో తగ్గించగలిగినవి తగ్గించడం, తగ్గించలేనివాటిని మరో పనికి వాడుకోవడం, ఎదురుచూసేవారిలో ఎవరి పరిస్థితీ విషమించకుండా కనిపెట్టుకుని ఉండటం అత్యవసర వైద్యుడి పనితనం.

మన దేశంలో ఈ పనితనం చాలాకాలం ప్రత్యేక విద్యగా లెక్కకు రాలేదు. వేర్వేరు విభాగాల జూనియర్ డాక్టర్లు, హౌస్‌సర్జన్లు వంతులవారీగా క్యాజువాల్టీ చూసేవారు. భారత వైద్య మండలి 2009లో ఎమర్జెన్సీ మెడిసిన్‌ను ప్రత్యేక పీజీ విభాగంగా గుర్తించింది. అంతకు నాలుగేళ్ల ముందు, 2005 ఆగస్టు 15న, హైదరాబాద్ కేంద్రంగా 108 అంబులెన్స్ సేవ మొదలైంది. రోగిని ఆసుపత్రి గుమ్మం దాకా చేర్చే ఏర్పాటు బలపడిన కొద్దీ, గుమ్మం లోపల ఏం జరగాలన్న విషయానికి ప్రాధాన్యం పెరిగింది.

రద్దీ వెనుక లెక్క

అమెరికన్ పరిశోధకుడు జాన్ లిటిల్ 1961లో క్యూలకు సంబంధించిన ఒక సూత్రాన్ని నిరూపించారు. ఒక చోట సగటున ఎంతమంది ఉంటారన్నది రెండు అంకెల గుణకారం: గంటకు ఎంతమంది వస్తారు, ఒక్కొక్కరు ఎన్ని గంటలు ఉంటారు. గంటకు 10 మంది వచ్చే క్యాజువాల్టీలో ఒక్కొక్కరు సగటున 6 గంటలు ఉంటే, లోపల సగటున 60 మంది ఉంటారు. ఆ కాలం 4 గంటలకు తగ్గితే 40 మందే ఉంటారు. కొత్తగా ఒక్క మంచమైనా వేయకుండా 20 మందికి చోటు దొరికినట్లు.

వచ్చేవారి సంఖ్య వైద్యుడి చేతుల్లో లేదు. లోపల ఉండే కాలం మాత్రం కొంతవరకు ఆయన చేతుల్లోదే. అత్యవసర విభాగాల రద్దీని అధ్యయనం చేసేవారు దాన్ని మూడు భాగాలుగా చూస్తారు. ఒకటి రోగుల రాక, రెండు లోపల జరిగే వైద్యం, మూడు వారు వార్డుకో ఇంటికో వెళ్లడం. మధ్య భాగాన్ని వైద్యుడు నేరుగా మార్చగలడు. మూడో భాగానికి ముందుచూపుతో దారి వేయగలడు.

ఈ లెక్కలో ప్రాణాలు కూడా ఉన్నాయి. ఇంగ్లండ్ ఆసుపత్రుల సమాచారంతో 2022లో వెలువడిన ఒక అధ్యయనం, అడ్మిషన్ కావలసిన రోగులు అత్యవసర విభాగంలో 6 నుంచి 8 గంటలు ఆగిపోయినప్పుడు, అలా ఆగిన ప్రతి 82 మందికి ఒక మరణం అదనంగా నమోదవుతోందని తేల్చింది. రద్దీని అసౌకర్యంగా మాత్రమే చూడటం ఎంత ప్రమాదకరమో ఈ ఒక్క అంకె చెబుతుంది.

ఎవరు ముందు?

ముందు వచ్చినవారికి ముందు వైద్యం అన్న పద్ధతి బియ్యం దుకాణం దగ్గర న్యాయం. క్యాజువాల్టీలో అదే పద్ధతి ప్రాణం తీస్తుంది. అందుకే వచ్చిన ప్రతి ఒక్కరినీ గుమ్మం దగ్గరే చూసి తీవ్రతను బట్టి వర్గీకరిస్తారు. దీన్నే ట్రయాజ్ అంటారు. నెపోలియన్ సైన్యంలో శస్త్రవైద్యుడైన డొమినిక్ జాన్ లారీ, గాయపడిన సైనికుడి హోదాను పక్కనబెట్టి గాయం తీవ్రతను బట్టి వైద్యం చేయాలని పట్టుబట్టాడు. నేటి ట్రయాజ్‌కు మూలం ఆ ఆలోచనే.

బ్రిటన్‌లోని మాంచెస్టర్ పద్ధతిలో ఐదు రంగులు ఉన్నాయి. ఎరుపు వచ్చినవారిని తక్షణం, నారింజ వచ్చినవారిని 10 నిమిషాల్లో, పసుపు వచ్చినవారిని గంటలోగా చూడాలి. ఆ తర్వాతివి ఆకుపచ్చ, నీలం. ఢిల్లీ ఎయిమ్స్ ఎరుపు, పసుపు, ఆకుపచ్చ అనే మూడు రంగుల పద్ధతిని రూపొందించుకుంది. అమెరికాలో వాడే ఐదంచెల పద్ధతి ఇంకో ప్రశ్న కూడా వేస్తుంది: ఈ రోగికి రక్తపరీక్ష, స్కాన్, సెలైన్ వంటివి ఎన్ని రకాలు అవసరం కావచ్చు? ఒక్కటీ అక్కర్లేనివారిని వేరే గదికి పంపితే వారు త్వరగా ఇంటికి వెళ్తారు, మంచాలు తీవ్ర రోగులకు మిగులుతాయి.

చిన్న గాయం, బెణుకు, తేలికపాటి జ్వరం ఉన్నవారికి విడి వరుస పెట్టడం ఈ ఆలోచన నుంచి పుట్టినదే. నడవగలిగిన రోగిని మంచం మీద పడుకోబెట్టాల్సిన పనిలేదు. కుర్చీలో కూర్చోబెట్టి చూసి, మందు ఇచ్చి పంపవచ్చు. మంచం తీసుకున్న రోగి చీర, చొక్కా మార్చుకుని పడుకున్నాక లేచి వెళ్లడానికి పట్టే సమయం కూడా రద్దీలో లెక్కకు వస్తుంది.

ట్రయాజ్ ఒకసారితో ముగియదు. ఉదయం పసుపులో ఉన్న రోగి మధ్యాహ్నానికి ఎరుపు కావచ్చు. వరండాలో కూర్చున్నవారి నాడి, బీపీ, శ్వాస వేగం, రక్తంలో ఆక్సిజన్ శాతం మళ్లీ మళ్లీ చూసే నర్సు ఉన్నచోట ఆ మార్పు సకాలంలో తెలుస్తుంది.

మొదటి నిమిషాలు

ఎరుపు వర్గంలో వచ్చిన రోగికి రోగనిర్ధారణ తర్వాతి మాట. ముందు ప్రాణం నిలపాలి. దీనికి ప్రపంచమంతటా ఒకే వరుస పాటిస్తారు. గాలి వెళ్లే దారి తెరిచి ఉందా, శ్వాస సరిగా ఆడుతోందా, రక్తప్రసరణ నిలకడగా ఉందా, స్పృహ ఎలా ఉంది, బట్టలు తొలగించి చూస్తే ఒంటి మీద ఇంకేం గాయాలున్నాయి. ఒక మెట్టులో లోపం కనిపిస్తే అక్కడే సరిచేసి తర్వాతి మెట్టుకు వెళ్తారు. 1976లో అమెరికాలోని నెబ్రాస్కాలో ఎముకల వైద్యుడు జేమ్స్ స్టైనర్ కుటుంబంతో ప్రయాణిస్తున్న చిన్న విమానం కూలింది. స్థానిక ఆసుపత్రిలో తన పిల్లలకు అందిన వైద్యం చూసి ఆయన తీవ్రంగా కలత చెందారు. ప్రమాద బాధితుల వైద్యానికి ఒక క్రమం నేర్పే శిక్షణ ఆ తర్వాత రూపుదిద్దుకుంది. నేడు వైద్యులు నేర్చుకునే ఏటీఎల్ఎస్ అదే.

వరుస కంఠస్థమై ఉన్నప్పుడు వైద్యుడి బుద్ధి ఆలోచించడానికి ఖాళీగా ఉంటుంది. ఏం చేయాలో వెతుక్కునే నిమిషాలు మిగులుతాయి. బృందంలో ప్రతి ఒక్కరికీ తర్వాతి అడుగు ముందే తెలుస్తుంది.

కొన్ని జబ్బులకు గడియారం విడిగా నడుస్తుంది. ఛాతీ నొప్పితో వచ్చినవారికి 10 నిమిషాల్లో ఈసీజీ తీసి చదవాలి. గుండెపోటు అని తేలితే, యాంజియోప్లాస్టీ చేసే ఆసుపత్రిలో 90 నిమిషాల్లోపు మూసుకున్న రక్తనాళాన్ని తెరవాలి. పక్షవాతంలో మెదడు నాళంలోని గడ్డను కరిగించే ఇంజెక్షన్‌ను లక్షణాలు మొదలైన నాలుగున్నర గంటల్లో ఇవ్వాలి. మెదడుకు రక్తం అందని ప్రతి నిమిషంలో సుమారు 19 లక్షల నాడీకణాలు నశిస్తాయని 2006లో ఒక అంచనా వెలువడింది. ప్రమాదంలో రక్తస్రావం అవుతున్నవారికి ట్రానెగ్జామిక్ యాసిడ్ మూడు గంటల్లోపు ఇస్తేనే మేలు. ఈ గడియారాలు ఎవరికి నడుస్తున్నాయో గుర్తుపెట్టుకుని, మిగతా పనులను వాటి చుట్టూ అమర్చుకోవడం డ్యూటీ డాక్టరు మొదటి బాధ్యత.

రోగి రాకముందే మొదలయ్యే వైద్యం

సమయం ఎక్కడ మిగులుతుందో చూపే మంచి ఉదాహరణ ఫిన్లాండ్ రాజధాని హెల్సింకీలో ఉంది. అక్కడి విశ్వవిద్యాలయ ఆసుపత్రిలో 1998లో పక్షవాతం రోగి గుమ్మం దాటినప్పటి నుంచి ఇంజెక్షన్ పడేదాకా మధ్యస్థంగా 105 నిమిషాలు పట్టేది. 2011 నాటికి అది 20 నిమిషాలకు తగ్గింది. సూదిమందు మారలేదు, స్కానింగూ మానలేదు. దారిలోనే అంబులెన్స్ సిబ్బంది ఫోన్ చేస్తారు. వైద్యుడు రోగి పాత వివరాలు ముందే చదువుతాడు. రక్తపరీక్షలకు ముందే ఆర్డర్ పడుతుంది. రోగిని అంబులెన్స్ స్ట్రెచర్ మీదే నేరుగా సీటీ గదికి తీసుకెళ్తారు. మెదడులో రక్తస్రావం లేదని తేలగానే మందు ఆ బల్ల మీదే మొదలవుతుంది. ఒకదాని తర్వాత ఒకటి జరిగే పనులు పక్కపక్కనే జరిగాయి. అంతే మార్పు.

108 సిబ్బంది దారిలోంచి చేసే ఒక్క ఫోన్ మన క్యాజువాల్టీల్లోనూ ఇదే మేలు చేయగలదు. రోగి వయసు, ఏం జరిగింది, బీపీ ఎంత, ఎన్ని నిమిషాల్లో చేరుతారు అన్న నాలుగు మాటలు అందితే మంచం, మందులు, మనుషులు సిద్ధంగా ఉంటారు.

మంచం దగ్గర

వైద్యుడు రోగి దగ్గరకు వెళ్లే ప్రతిసారీ కొంత సమయం నడకకు, మాట మొదలుపెట్టడానికి, ఎక్కడ ఆపామో గుర్తుచేసుకోవడానికి పోతుంది. అందుకే మొదటిసారి వెళ్లినప్పుడే పని వీలైనంత పూర్తిచేయడం మంచి అలవాటు. ట్రయాజ్ చీటీ, పాత రిపోర్టులు చదివి వెళ్లాలి. కూర్చుని మాట్లాడాలి. మొదటి నిమిషం రోగిని అడ్డుకోకుండా చెప్పనివ్వాలి. అసలు భయం ఏమిటో ఆ నిమిషంలోనే బయటపడుతుంది. తర్వాత కచ్చితమైన ప్రశ్నలు వేయాలి: ఎప్పుడు మొదలైంది, ఇంతకుముందు ఇలా వచ్చిందా, ఏ మందులు వాడుతున్నారు, ఏవైనా పడవా.

అక్కడి నుంచి కదిలే ముందు మూడు పనులు జరగాలి. నొప్పికి మందు చెప్పాలి. కావలసిన పరీక్షలన్నీ ఒకేసారి రాయాలి. తర్వాత ఏం జరగబోతోందో రోగికీ బంధువులకూ చెప్పాలి. రక్తం ఒకసారి తీసి పంపాక, మరో పరీక్ష గుర్తుకొచ్చి మళ్లీ తీస్తే ఆ రోగికి ఎదురుచూపు మొదటి నుంచి మొదలవుతుంది. నొప్పి తగ్గిన రోగిని పరీక్షించడం సులభం, అతడి మాటా స్పష్టంగా ఉంటుంది.

పాముకాటు రోగి విషయంలో ఈ పద్ధతి బాగా కనిపిస్తుంది. రక్తపింజర విషం రక్తం గడ్డకట్టే గుణాన్ని దెబ్బతీస్తుంది. దీన్ని కనిపెట్టడానికి పెద్ద ల్యాబ్ అక్కర్లేదు. శుభ్రమైన, పొడి గాజు గొట్టంలో కొద్దిగా రక్తం తీసి 20 నిమిషాలు కదపకుండా ఉంచి, తర్వాత వంచి చూస్తారు. రక్తం గడ్డకట్టకుండా పారితే విషం పనిచేస్తోందని అర్థం. పొయ్యి మీద అన్నం ఉడుకుతుండగా కూరగాయలు తరుక్కునే ఇల్లాలిలా, ఆ 20 నిమిషాల్లో వైద్యుడు మరో రోగిని చూసి వస్తాడు. అయితే గొట్టం పెట్టిన సమయం కేస్ షీటు మీద రాసి ఉండాలి. కనురెప్పలు వాలుతున్నాయా, మింగడం కష్టమవుతోందా అని చూసే నర్సు పక్కనే ఉండాలి. కట్లపాము, నాగుపాము విషం రక్తాన్ని వదిలి నరాల మీద పనిచేస్తుంది. ఆ గాజు గొట్టంలో దాని జాడ కనిపించదు.

ఏ పరీక్ష, ఎందుకు?

ప్రతి పరీక్షా ఒక ఎదురుచూపు. ఫలితం ఎలా వచ్చినా వైద్యం మారదనుకుంటే ఆ పరీక్ష రోగి సమయాన్ని తినడం తప్ప చేసేదేమీ లేదు. అలాగని భయపడాల్సిన చోట పరీక్ష మానేస్తే ప్రమాదం. ఈ రెండింటి మధ్య దారి చూపడానికి పరిశోధకులు కొన్ని నియమాలు తయారుచేశారు. కెనడాలో ఇయన్ స్టీల్ బృందం 1992లో ప్రకటించిన ఒటావా నియమాలు వాటిలో ప్రసిద్ధమైనవి. చీలమండ బెణికిన రోగికి నిర్దేశించిన ఎముక భాగాల మీద నొక్కితే నొప్పి లేకుండా ఉండి, గాయమైన వెంటనేగానీ క్యాజువాల్టీలోగానీ నాలుగు అడుగులు వేయగలిగితే ఎక్స్‌రే దాదాపు అనవసరం. ఎముక విరిగినవారు ఈ జల్లెడలోంచి తప్పిపోవడం చాలా అరుదు. తల గాయాలకు సీటీ ఎవరికి తీయాలో చెప్పే నియమాన్ని అదే బృందం 2001లో అందించింది. ఛాతీ నొప్పి రోగుల ప్రమాదాన్ని అంచనా కట్టే హార్ట్ స్కోర్ నెదర్లాండ్స్ వైద్యులది.

ఈ నియమాలు వైద్యుడి విచక్షణకు తోడు మాత్రమే. అవి ఏ రోగుల మీద పరీక్షించి తయారుచేసినవో తెలిసి, అలాంటి రోగికే వాడాలి.

పదిమంది రోగులు, ఒక్క బుర్ర

ఒకేసారి పదిమందిని చూస్తున్న వైద్యుడి జ్ఞాపకశక్తి మీద భారం చాలా ఎక్కువ. పైగా ఆయన పని ఎప్పుడూ తెగుతూ ఉంటుంది. అమెరికాలో 2000 సంవత్సరంలో ప్రచురితమైన ఒక పరిశీలనలో అత్యవసర వైద్యులకు మూడు గంటల వ్యవధిలో సగటున 30 సార్లకు పైగా అంతరాయం కలిగింది. సిడ్నీలో 2010లో వెలువడిన మరో అధ్యయనంలో, అంతరాయం కలిగిన పనుల్లో దాదాపు ఐదో వంతుకు వైద్యులు మళ్లీ తిరిగి రానేలేదు. ఆ ఐదో వంతులో చూడాల్సిన ఈసీజీ ఉండవచ్చు, చెప్పాల్సిన మందు ఉండవచ్చు.

దీనికి విరుగుడు కాగితం. రోగి పేరు, ప్రధాన సమస్య, ఎదురుచూస్తున్న ఫలితం, తర్వాత చేయాల్సిన పని, ఇవన్నీ ఒక్క వరుసలో రాసుకున్న జాబితా జేబులోనో బోర్డు మీదో ఉండాలి. గంటకో రెండు గంటలకో ఒకసారి వైద్యుడు, నర్సు కలిసి ఆ జాబితాను పైనుంచి కిందికి చదవాలి. ఎవరి రిపోర్టు వచ్చింది, ఎవరి పరిస్థితి మారింది, ఎవరు వెళ్లిపోవచ్చు అన్నవి అప్పుడు తేలుతాయి. కొత్త రోగిని చూసేముందు, రిపోర్టులు వచ్చి నిర్ణయం కోసం ఆగిన పాత రోగి ఉన్నాడేమో చూడటం మంచి నియమం. ఒక్క నిమిషం నిర్ణయంతో ఒక మంచం ఖాళీ అవుతుంది.

మందు మోతాదు లెక్కవేస్తున్నప్పుడు, కుట్లు వేస్తున్నప్పుడు, రోగిని మరొకరికి అప్పగిస్తున్నప్పుడు అంతరాయాన్ని మర్యాదగా ఆపవచ్చు. తేడా వచ్చిన ఈసీజీని నర్సు తెచ్చి చూపినప్పుడు మాత్రం చేతిలోని పని ఆపి చూడాల్సిందే.

మాట తప్పిపోకుండా

పురుగుమందు తాగిన రోగి వైద్యం బృందం మీద ఎంత ఆధారపడుతుందో క్యాజువాల్టీలో పనిచేసిన ప్రతి ఒక్కరికీ తెలుసు. ఒంటి మీది బట్టలు తీసేసి కడగాలి. నోటి స్రావాలు లాగేయాలి. ఆర్గానోఫాస్ఫరస్ విషమైతే అట్రోపిన్ ఇచ్చి, ప్రతి ఐదు నిమిషాలకు ఊపిరితిత్తుల శబ్దం, నాడి చూస్తూ, మార్పు లేకపోతే మోతాదు రెట్టింపు చేస్తూ పోవాలి. ఒక్క వైద్యుడు మిగతా రోగుల్ని చూస్తూ ఈ పని చేయలేడు. ఆ రోగికి ఒక నర్సునో హౌస్‌సర్జన్‌నో కేటాయించి, ఏ స్థితి వస్తే పిలవాలో చెప్పి వెళ్లాలి.

ఇచ్చిన సూచన అందిందో లేదో తెలియాలి. “సిస్టర్, అట్రోపిన్ రెండు మిల్లీగ్రాములు ఐవీ ఇవ్వండి” అని వైద్యుడు అంటే, “అట్రోపిన్ రెండు మిల్లీగ్రాములు ఐవీ” అని సిస్టర్ తిరిగి చెప్పి, ఇచ్చాక “ఇచ్చాను సార్” అనాలి. గదిలో నలుగురు మాట్లాడుతున్నప్పుడు ఈ చిన్న అలవాటు తప్పు మోతాదుల్ని ఆపుతుంది.

స్పెషలిస్టుకు చేసే ఫోన్‌కూ ఒక క్రమం ఉంది. అమెరికా నావికాదళ జలాంతర్గాముల్లో పుట్టి ఆసుపత్రులకు వచ్చిన పద్ధతిలో నాలుగు మెట్లు ఉంటాయి: ఇప్పుడు జరుగుతున్నది, రోగి నేపథ్యం, వైద్యుడి అంచనా, అవతలివారు చేయాల్సినది. తొందర ఉన్నచోట చివరి మెట్టును మొదటే చెప్పాలి. “సార్, క్యాజువాల్టీ నుంచి మాట్లాడుతున్నా. గుండెపోటు రోగి, మీరు వెంటనే రావాలి. 55 ఏళ్లు, గంటన్నరగా నొప్పి, షుగర్ ఉంది. బీపీ 100, 70. ఆస్పిరిన్ ఇచ్చాం” అంటే అవతలివారికి ప్రశ్న మిగలదు. కథంతా చెప్పి చివర్లో అవసరం చెప్పేలోపు గుండెపోటు రోగికి విలువైన నిమిషాలు పోతాయి.

కాగితం, చట్టం

రాసే పని అత్యవసర వైద్యుడి సమయంలో పెద్ద వాటా తింటుంది. అమెరికాలోని ఒక ఆసుపత్రిలో 2013లో చేసిన అధ్యయనంలో వైద్యుల సమయంలో 44 శాతం కంప్యూటర్‌లో వివరాలు నమోదు చేయడానికి, 28 శాతం మాత్రమే రోగి దగ్గర గడిచింది. ఆస్ట్రేలియాలో వైద్యుడి పక్కన ఉండి రాసిపెట్టే సహాయకుల్ని నియమించి చూశారు. 2019లో వెలువడిన ఆ ఫలితాల ప్రకారం వైద్యుడు గంటకు చూసే రోగుల సంఖ్య సుమారు 16 శాతం పెరిగింది. సహాయకులు లేనిచోట ప్రతి రోగినీ చూసిన వెంటనే రాయడమే మేలు. షిఫ్టు చివర పదిహేను మంది వివరాలు గుర్తుచేసుకుంటూ రాస్తే సమయం ఎక్కువ పడుతుంది, తప్పులూ దొర్లుతాయి.

మన దేశంలో ప్రమాదం, విషం, దాడి వంటి కేసులు మెడికో లీగల్ కేసులుగా నమోదవుతాయి. పోలీసులకు సమాచారం వెళ్లాలి, గాయాల వివరాలు రాయాలి. ఇవన్నీ వైద్యం మొదలయ్యాకే. కారు గుద్దిన ఒక స్కూటరిస్టును దగ్గరి ఆసుపత్రికి తీసుకెళ్తే, మెడికో లీగల్ కేసులు చూసే మరో ఆసుపత్రికి వెళ్లమన్నారని, దారిలోనే అతడు చనిపోయాడని వచ్చిన వార్త ఆధారంగా పరమానంద్ కటారా అనే న్యాయవాది సుప్రీంకోర్టుకు వెళ్లారు. గాయపడిన వ్యక్తికి ప్రభుత్వ వైద్యుడైనా, ప్రైవేటు వైద్యుడైనా ముందు చికిత్స చేయాలని, చట్టపరమైన లాంఛనాలు దానికి అడ్డు కారాదని 1989లో కోర్టు తీర్పు చెప్పింది. కాగితం కోసం రోగి ఆగకూడదన్న మాటకు ఇదే చట్టబద్ధమైన పునాది.

ఇంటికా, వార్డుకా?

అనుభవం ఉన్న వైద్యులు రోగిని మొదటిసారి చూసినప్పుడే మనసులో ఒక అంచనా వేసుకుంటారు: ఈ రోగి అడ్మిట్ కావాలా, ఇంటికి వెళ్లగలడా, తేల్చడానికి ఏం తెలియాలి? అడ్మిషన్ తప్పదని తెలిస్తే అన్ని రిపోర్టులూ వచ్చేదాకా ఆగకుండా మంచం కోసం అప్పుడే కబురు పంపవచ్చు. ఇంటికి పంపే రోగికి చీటీ ఒక్కటే చాలదు. మందులు ఎలా వాడాలి, మళ్లీ ఎప్పుడు రావాలి, ఏ లక్షణం కనిపిస్తే ఆలస్యం చేయకుండా తిరిగి రావాలి అన్నవి తెలుగులో, స్పష్టంగా చెప్పి, విన్నది మళ్లీ చెప్పమని అడగాలి. సరిగా చెప్పక పంపితే అదే రోగి మర్నాడు మరింత జబ్బుతో తిరిగి వస్తాడు.

అలసట, తొందరపాటు తీర్పులు

రద్దీలో పొరపాట్లు చాలావరకు తెలియక జరిగేవి కావు. మొదట తట్టిన కారణానికే మనసు అతుక్కుపోవడం వల్ల జరుగుతాయి. అత్యవసర వైద్యుల ఆలోచనా దోషాలను కెనడా వైద్యుడు పాట్ క్రాస్కెరీ విస్తృతంగా అధ్యయనం చేశారు. “తాగి పడిపోయాడు” అని ఒకరు చెప్పిన మాట రోగితోపాటు మంచం దాకా వస్తుంది. వాసన ఆ మాటను బలపరుస్తుంది. తలలో రక్తస్రావమో, రక్తంలో షుగర్ పడిపోవడమో ఆ మాట వెనుక దాగి ఉండవచ్చు. స్పృహ సరిగాలేని ప్రతి రోగికీ వేలి నుంచి ఒక చుక్క రక్తం తీసి షుగర్ చూడటం నిమిషం పని. ఇంకేమై ఉండవచ్చు అని తనను తాను ఒక్కసారి అడగడం అంతకన్నా తక్కువ సమయం పట్టే పని.

డ్యూటీ మారే సమయం మరో ప్రమాదపు మలుపు. అమెరికా, కెనడాల్లోని తొమ్మిది పిల్లల వైద్య విభాగాల్లో ఒక నిర్దిష్ట క్రమంలో రోగుల్ని అప్పగించడం అలవాటు చేశాక, నివారించగలిగిన హాని 30 శాతం తగ్గిందని 2014లో తేలింది. క్రమం సులభమే. రోగి ఎంత తీవ్రంగా ఉన్నాడు, ఇప్పటిదాకా ఏం జరిగింది, ఏం మిగిలింది, ఏం జరగవచ్చు అన్నవి చెప్పాలి, తీసుకునేవారు తిరిగి చెప్పాలి. వీలైతే ఇద్దరూ రోగి మంచం దగ్గర నిలబడి మాట్లాడాలి. షిఫ్టు చివరి గంటలో కొత్తగా చిక్కైన కేసు ఎత్తుకోవడం కన్నా ఉన్నవాటిని ఒక కొలిక్కి తేవడం మేలు.

నీళ్లు తాగకుండా, తినకుండా పన్నెండు గంటలు పనిచేయడం గొప్ప విషయంగా చలామణీ అవుతోంది. అలసిన బుద్ధి నిదానంగా పనిచేస్తుంది, తప్పు మోతాదును గుర్తించదు. పది నిమిషాల విరామాన్ని డ్యూటీ పట్టికలోనే చేర్చితే ఆ సమయం రోగులకే తిరిగి దక్కుతుంది.

వెంట వచ్చేవారి సాయం

రోగి బంధువులు కూడా చాలా నిమిషాలు మిగల్చగలరు. రోజూ వాడే మందుల చీటీలు, మాత్రల షీట్లు, పాత ఈసీజీలు వెంట తేవాలి. పక్షవాతమైతే రోగి చివరగా బాగున్నది ఎప్పుడో కచ్చితంగా చెప్పాలి. విషం తాగినవారితో ఆ డబ్బా తేవాలి. పామును పట్టడానికో చంపడానికో ఆగకుండా రోగిని తేవాలి. వివరాలు చెప్పడానికి ఒక్కరే ముందు నిలబడితే వైద్యుడికి ఒకే కథ వినిపిస్తుంది.

వైద్యుల వైపు నుంచీ మాట అందాలి. తమకన్నా తర్వాత వచ్చినవారిని ముందు ఎందుకు చూశారో తెలియని కుటుంబంలో ఆందోళన కోపంగా మారుతుంది. వైద్య సిబ్బంది మీద దాడులను నిరోధించడానికి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 2008లో చట్టం చేసింది. చట్టానికి ముందే పనిచేసేది అరగంటకోసారి అందే సమాచారం: “రిపోర్టు ఇంకో గంటలో వస్తుందమ్మా, అప్పటిదాకా సిస్టర్ చూసుకుంటుంది.”

వైద్యుడి చేతిలో లేనిది

ఎంత చురుకైన వైద్యుడికైనా ఒక హద్దు ఉంది. వార్డులో మంచం దొరకని రోగి క్యాజువాల్టీలోనే ఉండిపోతాడు. అలాంటివారు పెరిగిన కొద్దీ కొత్తవారిని చూడటానికి చోటే ఉండదు. గడువులు పెట్టడం కొంత సాయపడింది. ఇంగ్లండ్ 2004లో రోగుల్లో 98 శాతం మందిని నాలుగు గంటల్లో చూసి పంపాలన్న లక్ష్యం పెట్టుకుంది, 2010లో దాన్ని 95 శాతానికి సడలించింది. ఆలస్యం చాలా తగ్గింది. అయితే నాలుగో గంట చివరి నిమిషాల్లో రోగుల్ని గుంపుగా తరలించడం కూడా కనిపించింది. గడువుతోపాటు మంచాలు, సిబ్బంది పెరగకపోతే అంకె మాత్రమే బాగుపడుతుందని ఆ అనుభవం నేర్పింది.

అమెరికాలోని స్టోనీ బ్రూక్ ఆసుపత్రి మరో దారి చూపింది. అడ్మిషన్ అయిన రోగులు అత్యవసర విభాగంలో పేరుకుపోతే, వారిని పై వార్డుల వరండాల్లోకి కొద్దికొద్దిగా పంచుతారు. భారం ఒక్క విభాగం మీద పడకుండా ఆసుపత్రి అంతా మోస్తుంది. వార్డుల్లో డిశ్చార్జి సంతకాలు సాయంత్రం దాకా ఆగకుండా ఉదయమే పూర్తికావడం, ల్యాబ్, స్కానింగ్ రాత్రి కూడా నడవడం, ఖాళీ మంచాల వివరాలు ఒకచోట తెలియడం, చిన్న జబ్బులకు ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలు సాయంత్రం కూడా తెరిచి ఉండటం ఇదే కోవలోకి వస్తాయి. వీటిలో ఏదీ క్యాజువాల్టీ డాక్టరు ఒక్కడే తేగలిగింది కాదు. తన గదిలో ఎదురుచూపుల్ని తగ్గించడం వైద్యుడి బాధ్యత. గది బయట పేరుకునే ఎదురుచూపులకు ఆసుపత్రి సూపరింటెండెంట్, ఆరోగ్య శాఖ, ప్రభుత్వం జవాబు చెప్పాలి. ఈ రెండు బాధ్యతలూ ఒకేసారి నెరవేరినచోటే క్యాజువాల్టీ గుమ్మం దాటిన రోగికి సకాలంలో వైద్యం అందుతుంది.